ఇప్పచెట్టు కింద ఎలుగ్గొడ్డు

ములకలపల్లి దాటి ఏడు కిలోమీటర్లు పోతే, అడవి మొదలయ్యే చోట, 'మా చిన్నతనం' అని ఒక విడిది ఉంది. పట్నం పిల్లలకు పాతకాలపు బాల్యాన్ని రెండు రోజులకు అద్దెకిచ్చే చోటు అది. ఓ వేసవి పొద్దున దాని పెంకుటింటి వసారాలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. ఒకరు విడిది యజమాని జయప్రకాశ్, ఇంకొకరు అవతలి గూడెం ఆదెమ్మ. ఇద్దరికీ అరవై అటూ ఇటూ.

"అరుగు మీద కాదు ఆదెమ్మా, కింద కూర్చో. కాళ్లు చాపుకో. ఆఁ... ఇప్పుడు అచ్చం నానమ్మలా ఉన్నావు."

"నానమ్మనే బాబూ. నలుగురు మనుమలు నాకు. కింద కూసుంటేనే తెలుస్తదా ఏంది?"

"అది కాదు. చూసేవాళ్లకు అనిపించాలి కదా. వారానికోసారి, శనివారం వస్తే చాలు. గెస్టుల పిల్లలు నీ చుట్టూ చేరతారు, నువ్వు కథ చెప్తావు. మన చిన్నప్పుడు నాకు చెప్పేదానివే, అట్లా. జీతం సంగతి మా మేనేజర్ సుజాత మాట్లాడుతుంది."

"జీతం తర్వాత. నేనొచ్చింది కరెంటు స్తంభాల సంగతికి."

"అది మాట్లాడదాం. ముందు..."

"పోయిన నెల గూడ మాట్లాడదామన్నవ్."

"మాట్లాడదామనే కదా అంటున్నాను. ముందు ఈ చీర మార్చాలి. పాలిస్టర్ చీరలో నానమ్మ ఏంటి? నేతచీరలు తెప్పించాను, లోపలున్నాయి."

"గీ చీర నా బిడ్డ కొన్నది బాబూ. నేతచీర మా అవ్వకుండె, ఒక్కటే. అది ఉతికి ఆరేసిన దినం ఇంట్లకెల్లి బయటికి రాకపోయేది. గా ముచ్చట గూడ చెప్పాల్నా పిల్లలకు?"

"అట్లాంటివి వద్దు. సంతోషమైనవి చెప్పు."

"అవ్. సంతోషమైనవే చెప్త."

"వచ్చేటప్పుడు బోర్డు చూశావా? 'ఇక్కడ కాలం ఆగిపోయింది'. నేనే రాశాను."

"చూసిన. మా గూడెంల గూడ ఆగిపోయింది. మాకు బోర్డు లేదు, గంతే."

"నువ్వు మారలేదు ఆదెమ్మా. అదే నోరు."

"నువ్వు మారినవ్. అప్పుడు నెత్తి మీద జుట్టుండె."

"సరే సరే. ఇటు చూడు, అన్నీ చూపిస్తా. అదిగో, ఆ చదును చేసిన నేల ఉందే, అది చిర్రగోనె ఆడే చోటు, గెస్టులకు గిల్లీదండ అంటేనే తెలుస్తుంది."

"గా కొయ్యలకు తగిలిచ్చిన గిన్నెలేంది?"

"గిన్నెలు కాదు, హెల్మెట్లు. లేకపోతే తల్లిదండ్రులు ఆడనివ్వరు."

"చిర్రగోనెకు?"

"సేఫ్టీ ఆదెమ్మా. ఆ పక్కన మట్టిలో ఆడుకునే చోటు. మొత్తం జల్లెడ పట్టిన మట్టి. దురదలు అవీ రావు. హైదరాబాద్ నుంచి తెప్పించాం."

"హైదరాబాద్ కాడ నుంచి ములకలపల్లికి మట్టి తెచ్చినవా?"

"క్లీన్ మట్టి."

"మా మట్టి ఏం పాపం చేసింది బాబూ?"

"నీకు అర్థం కాదులే. అవిగో, అవి గదులు. మట్టిగోడలు. పేడతో అలికించాను. లోపల లాంతరు, మూల కుండ, నులకమంచం."

"ఎనకగోడకు తడికెలు గట్టినవ్. తడికెల ఎనక బుర్రుమంటున్నయేంది?"

"అవి... ఏసీలు. ఉక్కపోస్తే గెస్టులు ఒక్క పూట కూడా ఉండరు. జనరేటర్ ఉంది కదా. బయటికి కనపడవులే."

"మంచిగ జేసినవ్. నీ కాడ కాలం ఆగిపోయింది గాని, చల్లగ ఆగిపోయింది."

"వెటకారం చేయకు."

"నాకేం వెటకారం బాబూ. నీకు జనరేటరున్నది. మాకు స్తంభాలు రావాలె. సర్కారు మంజూరిచ్చి ఏడాదాయె. పన్నెండంటే పన్నెండు స్తంభాలు. మూడుమాట్ల ట్రాక్టర్ల ఏసుకొచ్చిండ్రు, మూడుమాట్ల నీ గేటు కాడకెల్లే వాపస్ పోయిండ్రు."

"నేను వేయొద్దనలేదు. వేరే వైపు నుంచి వేసుకోమన్నాను."

"వేరే దిక్కు వాగున్నది. వాగుల స్తంభం నిలబడ్తదా? బండ్లబాట పొంటే రావాలె. బండ్లబాట మా తాతల కాడ నుంచి ఊరోళ్లది. నువ్వు దానికడ్డం గేటు పెట్టినవ్."

"గేటు సెక్యూరిటీకి పెట్టింది. నువ్వు ఒక్కటి ఆలోచించు. పట్నంవాళ్లు ఇంత దూరం ఎందుకొస్తున్నారు? చీకటి కోసం. నక్షత్రాల కోసం. ఆ స్తంభాలు, తీగలు ప్రతి ఫోటోలో పడతాయి. మీ గూడెంలో లైట్లు వెలిగాయంటే ఇక్కడికి స్పష్టంగా కనపడతాయి."

"మేము ఎలుగుల బతికితే నీ చీకటి పాడైతది."

"నేనట్లా అన్నానా?"

"నువ్వన్నదే పొట్టిగ జేసి అన్న. లైనుమెన్ ఏమన్నడో తెలుసా? 'ఆ సారు ఊకుంటే మాది ఒక్క పూట పని' అన్నడు. నువ్వు ఎదురుంగ నిలబడి అడ్డం చెప్తే, గొడవెందుకని పోతుండు."

"సోలార్ దీపాలు ఇచ్చాను కదా, ఇంటికొకటి. నా సొంత డబ్బుతో."

"ఇచ్చినవ్. ఎండకాలమంత మంచిగెలిగినయి. శ్రావణంల మబ్బు పట్టంగనే సచ్చినయి. మా ఆయన రక్తపింజరి మీద కాలేసింది గప్పుడే."

"సీతయ్య సంగతి తెలుసు ఆదెమ్మా. చాలా బాధపడ్డాను. దవాఖానాకు మనిషిని పంపించాను కూడా, పండ్లు ఇచ్చి."

"అవ్, యాపిల్ పండ్లు. మంచిగుండె. ఆయనను మంచం మీద ఏసుకొని నీ గేటు దాంక మోసుకొచ్చిండ్రు. తాళమున్నది. మళ్ల వాగు దిక్కు నుంచి సుట్టు తిరిగి పోయేసరికి కాలు నల్లబడ్డది. మూడు వేళ్లు తీసేసిండ్రు."

"ఆ వాచ్‌మన్ రాజుకు బుద్ధి ఉండాలి..."

"రాజుదేం తప్పు? పొద్దుగూకినంక ఎవరొచ్చినా తాళం తియ్యొద్దన్నది నువ్వు. వాడు మా అక్క కొడుకే బాబూ. చిన్నాయిన మంచం గేటవతల ఉంటే, రాత్రి తాళంచెవి వాని కాడ ఉండనియ్యరు గద, ఇవతల నిలబడి ఏడ్చిండు. గవన్ని ఎందుకులే. సంతోషమైనవి చెప్పుమన్నవ్ గద."

"నువ్వు నన్ను తప్పుగా అనుకుంటున్నావు. నేను ఇదంతా వ్యాపారం కోసం పెట్టలేదు ఆదెమ్మా. ఖమ్మంలో నాకు మిర్చి వ్యాపారం ఉంది, అది చాలు నాకు. మన చిన్నతనం మళ్లీ ఒకసారి కళ్లతో చూసుకోవాలని పెట్టాను. అప్పుడు కరెంటు ఉందా? లేదు. ఎంత హాయిగా ఉన్నాం!"

"మీ ఇంట్ల ఉండె."

"ఒక్క బల్బు. అది కూడా నాన్న బావి మోటారు కోసం లైను వేయిస్తే."

"మేము గా ఒక్క బల్బునే చూసేటోళ్లం, చెరువుగట్టు మీద నిలబడి. ఎంకటరామారావు బాబు ఇంట్ల చుక్క దిగింది అనేటోడు మా నాయిన. నీ గెస్టులు ఇప్పుడు చుక్కలు చూడనీకి వస్తుండ్రు గద, గట్లనే."

"అప్పుడు రోగాలు కూడా లేవు. ఇప్పుడు చూడు, ప్రతివాడికీ బీపీ, షుగరు."

"ఉండె బాబూ. పేరు పెట్టేటోడే లేకుండె. జరమొచ్చిందనేటోళ్లం, పోయేటోళ్లం."

"అబ్బ, వాగులో ఈత గుర్తుందా? ఎండాకాలం పొద్దంతా నీళ్లలోనే. ఆ నీళ్లు ఎంత తేటగా ఉండేవి!"

"మస్తు గుర్తున్నది. నువ్వు ఈత కొట్టి పోయినంక, మా అవ్వ పక్కన ఇసుకల చెలిమె తోడుకొని బిందె నింపేది. నువ్వు కలిపిన బురద తేరుకునేదాంక గట్టు మీద కూసునేది."

"నువ్వు ఒక్కటన్నా మంచిది గుర్తు పెట్టుకోలేదా?"

"ఎందుకు పెట్టుకోలే. చెప్పు, నీకేం గుర్తున్నదో నువ్వే చెప్పు."

"గోడ మీద బొమ్మ చూడు. ఆ చెట్టు మీద పిల్ల నువ్వే. కింద ఉన్నది నేను. మా తోటలో మామిడిచెట్టెక్కి కాయలు కోసి నాకు విసిరేదానివి. ఒక్కటి కూడా నోట్లో పెట్టుకునేదానివి కాదు. అన్నీ నాకే. ఆ స్నేహం ఇప్పటి పిల్లలకు ఎక్కడిది?"

"కొత్త గాలే బాబూ."

"ఏంటి?"

"కొత్తపండుగ గాలే. వేల్పుకు పెట్టకముందు కొత్తకాయ మేము ముట్టొద్దు. నువ్వు ఉప్పుకారం అద్దుకొని నా ముంగటనే కూసొని కసకస తింటుంటివి. నాకు నోట్ల నీళ్లు. స్నేహం గాదు, వేల్పు భయం."

"...బొమ్మ కింద 'పంచుకోవడంలోని ఆనందం' అని రాయించాను."

"ఉండనీ. అక్షరాలు మంచిగున్నయి."

"అన్నట్టు ఆ పండగ కూడా ఇక్కడ చేద్దామనుకుంటున్నా. మీవాళ్లు డోళ్లు తెచ్చుకొని రండి. ఆటపాటలు, భోజనాలు అన్నీ పెడదాం."

"మొన్న చైత్రంలనే అయిపోయింది గద. వచ్చే ఏడు చూద్దాం."

"వచ్చే ఏడు కాదు. ప్రతి శనివారం."

"శనివారం శనివారం కొత్తపండుగనా? చెట్టు ఏడాదికొక్కసారి కాస్తది బాబూ. వారం వారం కొత్త ఎక్కడిది?"

"కాయలు కోల్డ్ స్టోరేజీలో ఉంటాయి."

"వేల్పును గూడ అండ్లనే పెడ్తవా?"

"నీతో మాట్లాడలేం. సరే, కథ. నాకు కావలసింది కథ. ఇప్పుడు ఒకసారి చెప్పి చూపించు. గెస్టులందరినీ సుజాత వాగుకు తీసుకుపోయింది, పన్నెండింటికి గాని రారు. ఇక్కడ మనిద్దరమే."

"స్తంభాల సంగతి?"

"ఆదెమ్మా, దయచేసి..."

"సరే ఇడిసిపెట్టు. స్తంభాల ముచ్చట నేనిగ ఎత్తనే ఎత్త."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు. కథనే చెప్త. గని గా ఫోను పక్కకు పెట్టు. ఇందాకటి నుంచి నీ కన్ను దాని మీదనే ఉన్నది."

"అలవాటు."

"బయట ఏం రాసినవ్? 'మీ ఫోను ఈ బుట్టలో వేసి బాల్యంలోకి అడుగు పెట్టండి' అని రాసినవా లేదా?"

"అది గెస్టులకు. నేను ఓనర్‌ని."

"మరి నువ్వు బాల్యంలకు రావా? ఎట్ల ఊఁ కొడతవ్, ఒక చెవు ఫోనుల పెట్టి? అది మోగిందంటే నాకు కథ రాదు బాబూ. ముందుగాల్నే చెప్తున్న."

"సరే, ఇదిగో. వేశాను బుట్టలో. తృప్తేనా?"

"మూత గూడ పెట్టు."

"పెట్టాను. నువ్వు చిన్నప్పుడు కూడా ఇంతే, ఆర్డర్లు."

"ఏ కథ చెప్పాలె?"

"ఏ కథేంటి? ఆ కథే. ఇప్పచెట్టు కథ. నువ్వు పూర్తి చేయకుండా ఆపేసిన కథ."

"గది గుర్తున్నదా నీకు?"

"ఎందుకు గుర్తుండదు? మా తోటలో మంచె కింద కూర్చుని చెప్పేదానివి, మధ్యాహ్నం పూట. పగలు కథ చెప్తే బాటన పోయేవాళ్లు దారి తప్పుతారని మీ అవ్వ తిట్టేది. అయినా నాకోసం పగలే చెప్పేదానివి."

"అవ్. నీకోసమే. చెప్పాల్నా మరి?"

"చెప్పు."

"ఎనకట ఒక ఇప్పచెట్టుండె."

"ఊఁ."

"దాని కింద ఒక ఎలుగ్గొడ్డు వచ్చి కూసున్నది. రాలిన పువ్వంత నాదే అన్నది."

"ఊఁ."

"ఊరోళ్లు పువ్వేరుకుందామని బుట్టలు పట్టుకొని వస్తే, ఎనకకాళ్ల మీద నిలబడి మీదికొస్తది. తాతల కాడ నుంచి మేమే ఏరుకుంటున్నమంటే ఇనదు."

"ఊఁ. తర్వాత ముసలవ్వ వస్తుంది, నాకు తెలుసు."

"నడుమ మాట్లాడకు. ఊఁ కొట్టుడే."

"ఊఁ."

"ముసలవ్వ వచ్చి, 'ఎలుగూ ఎలుగూ, నీ నెత్తినిండ పేండ్లున్నయి, చూడమంటవా' అన్నది. పుట్టినకాడ నుంచి ఎలుగ్గొడ్డు నెత్తి మీద ఎవరన్న చెయ్యేసిండ్రా? దానికి పాణం నిమ్మళమైంది. ముసలవ్వ ఒడిల తలకాయ పెట్టి పండుకున్నది."

"ఊఁ. ...ఆగు, ఏంటా చప్పుడు?"

"ఏది?"

"గేటు దగ్గర. గడ్డపార దించుతున్నట్టు."

"తునికాకు దినాలు గద బాబూ. మా లచ్చన్న కల్లం కాడ పందిరేస్తుండు. గుంజలు పాతుతున్నట్టున్నరు."

"లచ్చయ్యనా? మీ అన్న ఇంకా పని చేస్తున్నాడా? నాకంటే ఆరేళ్లు పెద్ద కదా."

"రోజూ చెయ్యడు. ఇయ్యాల మస్తు హుషారుగున్నడు."

"సరే చెప్పు."

"యాడి దాంక చెప్పిన?"

"ఒడిలో తల పెట్టింది."

"అవ్. ముసలవ్వ పేండ్లు చూసుకుంట, కథ చెప్పబట్టింది. 'ఎలుగూ, నీ తాత ఎంత మంచోడు! నీ చిన్నప్పుడు ఈ అడవి ఎంత మంచిగుండె!' అన్నది. ఎలుగ్గొడ్డుకు గదే గావాలె. కండ్లు మూసి 'ఊఁ' అన్నది."

"ఊఁ."

"అచ్చం గట్లనే."

"ఆ బుట్టలో ఏదో మోగుతోంది."

"పట్నపోళ్ల ఫోన్లు బాబూ, మోగకుంటే ఊపిరాడదు వాటికి. అది నీదేనంటవా?"

"నాది వైబ్రేషన్‌లో పెట్టాను. గుర్రుగుర్రుమంటోంది..."

"తీస్తే తియ్యి. నేను పోత. ఇంటి కాడ పిండి రుబ్బుకోవాలె."

"అరె, కూర్చో కూర్చో. పోతే పోనీ, తర్వాత చూసుకుంటా. చెప్పు, ఎలుగ్గొడ్డు లేచిందా?"

"తొందరేంది?"

"యాభై ఏళ్లాయె ఆదెమ్మా! తొందరంటావేంటి? నన్ను హాస్టల్‌కి పంపే రోజు కూడా నువ్వు వచ్చావు. మా జీపు పక్కన నిలబడి చెప్పావు. ఎలుగ్గొడ్డు ఊఁ కొడుతోంది అన్నావు. అంతే, జీపు కదిలింది. ఖమ్మం హాస్టల్లో ఎనభై మంది పిల్లలం, ఒక్కటే హాలు. దుప్పటి కప్పుకొని ఎలుగ్గొడ్డు లేచిందా లేదా అని ఆలోచించేవాణ్ణి. ఏడ్చేవాణ్ణి కూడా. అమ్మ గుర్తొచ్చి అనుకునేవాళ్లు అందరూ. అమ్మ కాదు. ఊళ్లో అందరూ నన్ను చినబాబూ చినబాబూ అని చేతులు కట్టుకునేవాళ్లు. నోరు మూసుకొని ఊఁ కొట్టు అన్నది నువ్వొక్కదానివే. నాకు స్నేహితులు ఇంకెవరున్నారు? ఈ ఇల్లు, ఈ బోర్డులు, ఈ మట్టి... నువ్వు నవ్వుతావుగానీ, ఆ మంచె కింద కూర్చున్న రోజులు మళ్లీ దొరుకుతాయేమోనని. అంతే."

"గిది నాకెప్పుడూ చెప్పలే నువ్వు."

"ఎప్పుడు చెప్పను? నువ్వెప్పుడొచ్చినా స్తంభాలే కదా."

"పొద్దు ఎంతైంది బాబూ?"

"పదకొండున్నర దాటింది. ఎందుకు?"

"ఊకెనే. ...నీకొక నిజం చెప్త. కోపానికి రావొద్దు."

"రాను. చెప్పు."

"మీ తోటల కాయలు పోతుండె గద, ఎండకాలం. గుర్తున్నదా?"

"ఎందుకు లేదు! ప్రతి ఏడూ అదే గొడవ. నేను మంచె కిందనే ఉండేవాణ్ణి, కాపలాకని నాన్న నన్నే కూర్చోబెట్టేవాడు. అయినా బుట్టలకు బుట్టలు మాయం. కోతులని తేల్చాడు నాన్న. కోతుల కోసం తుపాకి కూడా కొన్నాడు."

"తుపాకి చూసి కోతులు మస్తు భయపడ్డయి. గందుకే కథ ఇంక పొడుగు చెయ్యాల్సొచ్చింది."

"ఏమన్నావు?"

"పెద్దకోతి పేరు లచ్చయ్య. నేను ఈ దిక్కు కూసొని నీకు కథ చెప్తే, నీ ఈపు అటు దిక్కు. నువ్వు ఊఁ కొట్టినప్పుడల్ల మా అన్న ఒక కొమ్మ దులిపేటోడు. కొత్త గాలే గద, తినేటోళ్లం గాదు. వరిగడ్డిల మాగేసి, పండుగైనంక గూడెమంత పంచుకునేటోళ్లం. 'పంచుకోవడంలోని ఆనందం' నిజంగ గదే బాబూ. నీ బోర్డు తప్పు గాదు."

"లచ్చయ్యా! ఓరి దొంగ లచ్చయ్యా! హహ్హ... నాన్న బతికుండగా ఇది తెలిసుంటే... ఆగు. ఆగు. అంటే నువ్వు నాతో కూర్చున్నది కాయల కోసమా?"

"మొదాల గందుకే."

"అంతా అబద్ధమేనన్నమాట. ఆ కథ కూడా."

"గట్లనకు. కాయలు వైశాఖంలనే అయిపోయినయి. నువ్వు హాస్టలుకు పోయింది జూన్ల. గా నెల దినాలు చెట్టు మీద ఆకులు తప్ప ఏమున్నయని వచ్చిన? ఎండల చెప్పుల్లేకుండ వచ్చిన. మా అవ్వ కొట్టింది గూడ, కాయలు లేని చెట్టు కిందికి ఎందుకు పోతున్నవే అని. ఏం చెప్పాల్నో నాకు తెల్వకపాయె. నువ్వు ఊఁ కొడుతుంటే మంచిగనిపించేది. మా ఇంట్ల నా మాట ఇనేటోడు ఎవడుండె? జీపు పోయినంక నేను గూడ ఏడ్చిన. గది నిజం. నీ బోర్డు మీద రాసుకుంటే గది రాసుకో."

"ఆదెమ్మా..."

"ఇంగ కథకు ఆఖరు గూడ అప్పుడు నాకు తెల్వదు. దినానికింత అల్లి చెప్పేదాన్ని. నువ్వు పోయినంక అల్లుడు బంద్ పెట్టిన."

"మరి ఇప్పుడు తెలుసా? ఎలుగ్గొడ్డు పడుకుంది, ఊఁ కొడుతోంది. ఊరోళ్లు ఏం చేశారు?"

"ఏం చేస్తరు? సప్పుడు జెయ్యకుండ ఎనక నుంచి వచ్చి పువ్వంత ఏరుకుంటుండ్రు. ఎలుగ్గొడ్డుకు నష్టమేమున్నది? చెట్టు దానికే ఉన్నది, నీడ దానికే ఉన్నది. పేండ్లు చూసే మనిషి గూడ దొరికింది."

"అదృష్టం ఎలుగ్గొడ్డుదే అంటావు."

"గదే అంటున్న."

"మరి లేచిందా? లేచి చూసుకుందా?"

"లేవొద్దనే గద ముసలవ్వ తిప్పలు."

"హహ్హ... నువ్వు మామూలుదానివి కాదు. ఒక్క నోటితో నన్ను కూర్చోబెట్టి, అవతల లచ్చయ్య తోటంతా... తోటంతా..."

"ఏమైంది బాబూ?"

"ఆదెమ్మా."

"ఊఁ."

"కథ చెప్పమని నేను మూడు నెలల నుంచి కబురు పెడుతుంటే రానిదానివి, ఇవాళ పిలవకుండానే వచ్చావు."

"ఊఁ."

"తొమ్మిదింటికి వచ్చావు. కథ అనగానే నా ఫోను మీద పడ్డావు."

"బోర్డు నువ్వే రాసినవ్ బాబూ. బుట్టల గుర్రుమన్నది సుజాతనే అయ్యుంటది. వాగు కాడకెల్లి బండ్లబాట కనబడ్తది గద."

"ఆ గడ్డపార చప్పుడు ఇందాక గేటు దగ్గర వినపడింది. ఇప్పుడు ఎక్కడో అటు, మీ గూడెం వైపు వినపడుతోంది. పందిరి గుంజలు నడుచుకుంటూ పోతాయా?"

"ఊఁ."

"ఊఁ కాదు! రాజూ! ఒరేయ్ రాజూ! గేటు దగ్గర ఎవరున్నారురా?"

"రాజు రాడు బాబూ. లేపనీకి ఒక మనిషి తక్కువైతే పోయిండు. గేటు తాళం వానికే ఇచ్చిపోయింది గద నీ సుజాత."

"నువ్వు... నువ్వు స్తంభాల మాట ఎత్తనని నా మీద ఒట్టేశావు!"

"ఎత్తిన్నా? అప్పటికెల్లి ఒక్కమాటన్న ఎత్తిన్నా?"

"లచ్చయ్య ఎక్కడున్నాడు ఆదెమ్మా? నిజం చెప్పు. ఇప్పుడు, ఈ నిమిషాన, లచ్చయ్య ఎక్కడున్నాడు?"

"పదకొండో స్తంభం కాడ. కూసో బాబూ, కూసొని ఊఁ కొట్టు. ఇంకొక్కటే ఉన్నది."